జాకీ ఎత్తుతుంది, స్టాండు మోస్తుంది

మా రాత్రి బడికి ఒక మెకానిక్కు వస్తాడు. వయసు యాభైకి దగ్గర పడింది. ఊరంతా ఆయన్ని మేస్త్రి అంటారు. నేను మేస్త్రి బాబాయి అంటాను. ఆయన షెడ్డు మెయిన్ రోడ్డు పక్కన చింతచెట్టు కింద ఉంది. షెడ్డు అంటే నాలుగు రాటలు, పైన రేకులు. అంతే. కానీ చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ళ జీపులు, కార్లు, ఆటోలు అక్కడికే వస్తాయి.

బండి చప్పుడు వింటే చాలు, దాని జబ్బు ఏమిటో ఆయన చెప్పేస్తాడు. అక్షరాలు మాత్రం పోయిన సంక్రాంతి తర్వాతే నేర్చుకున్నాడు. ఇప్పుడు తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. అంకెలు ముందునుంచే వచ్చు. పానాల మీద అంకెలు ఉంటాయి కదా. పద్నాలుగు, పదిహేడు, పంతొమ్మిది. అలా వచ్చాయి.

ఒక ఆదివారం పొద్దున కబురు పంపాడు. "కొత్త జాకీ కొన్నాను. దాని మీద ఏదో కాయితం అంటించి ఉంది. ఒకసారి వచ్చి చూసి చెప్పమ్మా" అని.

నేను వెళ్ళాను. షెడ్డులో ఒక బొలెరో ఉంది. పది మందిని ఎక్కించుకుని గతుకుల రోడ్డు మీద తిరిగే కిరాయి బండి. వెనక ఎడమవైపు కమాను కట్టలో పట్టీ విరిగింది. ఆ పక్క చక్రం ఊడదీసి పెట్టారు. ఇరుసు కింద కొత్త జాకీ ఉంది. జాకీ కింద ఒక ఇటుక ఉంది. బండి కింద మేస్త్రి మేనల్లుడు ఉన్నాడు. వాడికి పద్దెనిమిదేళ్ళు. నడుము దాకా లోపలికి దూరాడు. కాళ్ళు మాత్రం బయటికి కనబడుతున్నాయి.

బండి ఓనరు పక్కనే నిలబడి ఉన్నాడు. "మేస్త్రీ, నాలుగింటికి పెళ్ళి కిరాయి ఉంది. తొందరగా కానివ్వు" అంటున్నాడు.

నేను గొంతుక్కూర్చుని జాకీ మీది కాయితం చదివాను. పైన పెద్ద అంకె ఉంది. 3 టన్. దాని కింద చిన్న అక్షరాలు. అన్నీ ఇంగ్లీషే. చదివి తెలుగులో చెప్పాను.

"ఇది బండిని ఎత్తడానికి మాత్రమే. ఎత్తిన తర్వాత బండిని స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాని మీదే ఉన్న బండి కిందికి ఎవరూ వెళ్ళకూడదు."

మేస్త్రి బాబాయి ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత వంగి, "ఒరేయ్, బయటికి రారా" అన్నాడు.

"ఒక్క నట్టే ఉంది మావయ్యా" అన్నాడు వాడు లోపలి నుంచి.

"ముందు బయటికి రా."

వాడు వచ్చాడు. ఒంటి మీద దుమ్ము దులుపుకుంటూ నిలబడ్డాడు. మేస్త్రి బాబాయి ఆ కాయితం వైపే చూస్తున్నాడు. "ఇన్నేళ్ళలో ఎన్ని జాకీలు కొన్నానో నాకే తెలీదు. చాలావాటి మీద ఇట్టాంటి కాయితమే ఉండేది. నేను కంపెనీ పేరు అనుకున్నానమ్మా" అన్నాడు.

అప్పుడే ఆయన నాకు 1994 నాటి సంగతి చెప్పాడు. అప్పటికి ఆయనకు పదహారేళ్ళు. టౌనులో ఒక షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. ఏ షెడ్డో, ఎవరిదో చెప్పలేదు. "పేరెందుకులే" అన్నాడు. ఒక అంబాసిడర్ టాక్సీ వచ్చింది. అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది కానీ, అప్పట్లో టాక్సీ అంటే అదే. దాని వెనక కూడా కమాను కట్టలే ఉండేవి. తోటి కుర్రాడు ఒకడు కింద దూరాడు. జాకీ కింద ఇటుక. ఇటుక పగిలింది.

"చప్పుడు కూడా పెద్దగా రాలేదు. ఎవరో మూట కింద పెట్టినట్టు వచ్చింది. ఎత్తేసరికి అయిపోయింది. వాళ్ళమ్మకి యజమాని ఏదో ఇచ్చాడు. ఎంతో నాకు తెలీదు. పదో రోజుకల్లా అదే జాకీ, అదే పని."

"మరి నువ్వు స్టాండ్లు కొనలేదా బాబాయ్?" అని అడిగాను.

కొన్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో కొన్నాడు. రెండు మంచి స్టాండ్లు. అవి ఇప్పుడు ఎక్కడున్నాయి? షెడ్డు మూలన నీళ్ళ డ్రమ్ము కింద ఉన్నాయి. డ్రమ్ము కాస్త ఎత్తులో ఉంటే కుళాయి కింద బిందె పడుతుందని అక్కడ పెట్టారట. నేను ఏమీ అనలేదు. మా ఇంట్లో కూడా మందు సీసా కిటికీలోనే ఉంటుంది, దగ్గు వచ్చినప్పుడు మాత్రం వెతుక్కుంటాం.

ఆ రోజు మళ్ళీ మొదటి నుంచి పని మొదలుపెట్టారు. నేను పక్కన కూర్చుని చూశాను. తెలియనివి అడిగాను. మేస్త్రి బాబాయి చెప్పినవి, నేను పుస్తకంలో చదివినవి కలిపి ఈ పాఠం రాస్తున్నాను.

బండి బరువు ఎంత?

బొలెరో ఖాళీ బండి సుమారు 1600 కిలోలు ఉంటుంది. యాభై కిలోల బియ్యం బస్తాలు లెక్కెయ్యండి. 32 బస్తాలు. వెనక సగం ఎత్తామంటే పదహారు బస్తాలకు కాస్త అటూ ఇటూ ఎత్తినట్టు. పదహారు బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ దొంతర కింద పడుకోమంటే మనం పడుకుంటామా? బండి కిందికి మాత్రం నవ్వుతూ దూరిపోతాం. బండికి చక్రాలు ఉంటాయి. అందువల్ల బరువు కనపడదు.

జాకీ ఎలా ఎత్తుతుంది?

సీసాలాగా నిలువుగా ఉండే జాకీని బాటిల్ జాకీ అంటారు. దాని లోపల నూనె ఉంటుంది. ఒక చిన్న పిస్టన్, ఒక పెద్ద పిస్టన్ ఉంటాయి. పిడిని పైకీ కిందికీ కొడితే చిన్న పిస్టన్ నూనెను నెడుతుంది. ఆ నూనె వెళ్ళి పెద్ద పిస్టన్‌ను పైకి తోస్తుంది. మూసి ఉన్న నూనెనో నీటినో ఒకచోట నొక్కితే, ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పోతుంది. ఈ సంగతి చెప్పినవాడు పాస్కల్. ఫ్రాన్సు దేశంలో 1623లో పుట్టాడు. ముప్పై తొమ్మిదేళ్ళకే చనిపోయాడు. ఆయన చెప్పిన మాట ఇవాళ మన ఊరి షెడ్డులో పని చేస్తోంది.

లెక్క చూడండి. మన చెయ్యి 20 కిలోల బలంతో పిడిని నొక్కింది అనుకుందాం. పిడి పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఆ బలం పది రెట్లు అవుతుంది. అంటే 200 కిలోలు. పెద్ద పిస్టన్ వైశాల్యం చిన్నదానికి పది రెట్లు ఉంటే ఇంకో పది రెట్లు. అంటే 2000 కిలోలు. ఊరికే రాలేదు ఈ బలం. మనం చాలాసార్లు కొడితేగానీ బండి జానెడు లేవదు. అక్కడ తీర్చుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. అంత బరువూ దేని మీద ఆగి ఉంది? లోపల ఉన్న గరిటెడు నూనె మీద. ఆ నూనెను పట్టి ఉంచే ఒక రబ్బరు సీలు మీద. సీలు అరిగిపోవచ్చు. ఇసక రేణువు అడ్డుపడి మూత సరిగ్గా మూసుకోకపోవచ్చు. అప్పుడు నూనె కారుతుంది. జాకీ దిగుతుంది. ఒక్కోసారి మెల్లగా దిగుతుంది, ఒక్కోసారి ఒకేసారి దిగుతుంది. ఎప్పుడు ఏది జరుగుతుందో చెప్పలేం. మర తిప్పే జాకీలో నూనె ఉండదు. కానీ దాని అడుగు చిన్నది. పక్కకి ఒరిగిందంటే పడిపోతుంది.

స్టాండులో నూనె లేదు. సీలు లేదు. ఇనుప పన్ను ఇనుప గాడిలో కూర్చుంటుంది. కొన్నింటిలో అడ్డంగా లావుపాటి పిన్ను పోతుంది. కాళ్ళు వెడల్పుగా ఉంటాయి. అది ఏమీ చెయ్యదు. ఊరికే నిలబడుతుంది. మనకి కావలసింది కూడా అదే.

టైరు మార్చడం వేరు, కమాను మార్చడం వేరు

ఇది బాగా చదవండి. రెండుసార్లు చదివినా మంచిదే. చాలా ప్రమాదాలు ఇక్కడే జరుగుతాయని మేస్త్రి బాబాయి అన్నాడు.

బండి బరువు నేల మీదికి ఎలా వస్తుంది? బాడీ, సీట్లు, మనుషులు ఛాసీ మీద ఉంటారు. ఛాసీ కమాను కట్టల మీద ఉంటుంది. కమాను కట్టలు ఇరుసు మీద ఉంటాయి. ఇరుసు చక్రాల మీద, చక్రాలు నేల మీద. ఇదంతా ఒక గొలుసు.

టైరు మార్చేటప్పుడు ఈ గొలుసులో చివరి లింకు మాత్రమే తీస్తాం. అందుకని జాకీని ఇరుసు కింద పెడితే సరిపోతుంది. మిగతా గొలుసు అంతా ఉంది. కమాను మార్చేటప్పుడు అలా కాదు. గొలుసులో మధ్య లింకు తీస్తాం. అది తీసేస్తే పైన ఉన్న ఛాసీని ఎవరు మోస్తారు? ఇరుసు కింద ఎంత మంచి జాకీ ఉన్నా, ఎంత మంచి స్టాండు ఉన్నా, అది ఇరుసును మోస్తుంది. ఛాసీని మొయ్యదు. యూ బోల్టులు విప్పగానే, కమాను ఊడి రాగానే, ఛాసీ కిందికి వస్తుంది. కింద మనిషి ఉంటాడు.

పాకలో రాట పుచ్చిపోయింది అనుకోండి. మార్చాలి. ముందు ఏం చేస్తాం? పైన దూలానికి ఊతకర్ర పెడతాం. తర్వాతే రాట తీస్తాం. రాట కింద రాయి పెట్టి రాట తీసేస్తే పాక నిలుస్తుందా? ఇదీ అంతే. ఊతం దూలానికి పెట్టాలి. బండికి దూలం ఛాసీ.

కాబట్టి కమాను మార్చేటప్పుడు స్టాండ్లు ఛాసీ కింద పెట్టాలి. ఇరుసు కింద జాకీ విడిగా ఉండాలి. ఒకటి బండిని మొయ్యడానికి, ఒకటి ఇరుసును పట్టుకోవడానికి.

ఆ ఆదివారం మేనల్లుడు "ఒక్క నట్టే ఉంది" అన్నాడే, అది యూ బోల్టు నట్టు.

బండి కదలకుండా ఎలా?

"హ్యాండు బ్రేకు వేశాను, గేరులో పెట్టాను. ఇంకేం భయం?" అన్నాడు ఓనరు. చాలామంది ఇలాగే అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

బొలెరోలో హ్యాండు బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది. ఇంజను తిప్పేది కూడా వెనక చక్రాలనే. అంటే గేరు పట్టుకునేదీ వాటినే. మనం ఎత్తింది ఏ చక్రాలను? వెనక చక్రాలనే. గాలిలో ఉన్న చక్రాన్ని బ్రేకు పట్టుకుంటే ఏం లాభం? బండి నేల మీద ఉన్నది ముందు చక్రాల మీద. అవి రెండూ ఏ పట్టూ లేకుండా ఉన్నాయి. కొంచెం ఏటవాలు ఉంటే చాలు, బండి దొర్లుతుంది. దొర్లితే జాకీ ఒరుగుతుంది.

ఒక వెనక చక్రాన్నే ఎత్తినా గేరును నమ్మడానికి లేదు. ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బెత్తుగా ఒకటి ఉంటుంది. దాన్ని డిఫరెన్షియల్ అంటారు. మలుపు తిరిగేటప్పుడు ఒక చక్రం ఎక్కువ, ఒక చక్రం తక్కువ తిరగడానికి అది పెట్టారు. దాని వల్ల గాలిలో ఉన్న చక్రం ఒకవైపు తిరిగిపోతే, నేల మీద ఉన్న చక్రం ఇంకోవైపు దొర్లగలదు. గేరు ఏమీ చెయ్యలేదు.

అందుకని నేల మీద మిగిలే చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టాలి. వెనక భాగం ఎత్తితే ముందు చక్రాలకు, ముందు భాగం ఎత్తితే వెనక చక్రాలకు. గుండ్రాయి పెడితే అదే దొర్లుతుంది. ఏటవాలుగా కోసిన చెక్క మంచిది.

ఆ రోజు ఎలా చేశారంటే

ఊడదీసిన చక్రాన్ని మళ్ళీ బిగించి బండిని కిందికి దించారు. తోసి చదునైన చోటికి తెచ్చారు. ముందు చక్రాలు రెండింటికీ నాలుగు అడ్డుచెక్కలు పెట్టారు. వెనక చక్రాల నట్లను, చక్రం నేల మీద ఉండగానే, అర చుట్టు వదులు చేశారు. పూర్తిగా తియ్యలేదు. చక్రం గాలిలో ఉండగా వీల్ పానా పెట్టి లాగితే చక్రం తిరిగిపోతుంది, బండి ఊగుతుంది. అందుకని ముందే వదులు చెయ్యాలి.

షెడ్డులో నేల మట్టి నేల. ముందు రోజు వాన పడింది. స్టాండు కాళ్ళు దిగబడతాయి. రెండు అంగుళాల మందం ఉన్న చెక్క పలకలు తెచ్చి కింద వేశారు. తారు రోడ్డు మీద అయితే ఈ బాధ లేదు అనుకోకండి. ఎండాకాలం మధ్యాహ్నం తారు మెత్తబడుతుంది. స్టాండు కాలు అందులోనూ దిగుతుంది.

ఇటుకను మాత్రం తీసి అవతల పారేశారు. ఇటుక, సిమెంటు బ్రిక్కు, పలచటి బండరాయి, ఇవి ఏవీ పనికిరావు. గోడలో ఇటుక మీద బరువు అంతటా సమానంగా పడుతుంది. జాకీ కింద అలా కాదు, ఒక్కచోటే పడుతుంది. ఇటుక వంగదు, నలగదు. ఉన్నట్టుండి పగులుతుంది. చెక్క అయితే ముందు నలుగుతుంది, కిర్రుమంటుంది. పారిపోవడానికి టైము ఇస్తుంది.

ఇరుసు కింద జాకీ పెట్టి ఎత్తారు. ఒక పక్క కొంచెం, ఇంకో పక్క కొంచెం. ఎత్తుతున్నంత సేపూ ఎవరూ కిందికి వెళ్ళలేదు. చెయ్యి కూడా పెట్టలేదు. కమాను ముందు కొస ఛాసీకి తగిలే చోటు ఉంటుంది. దానికి కాస్త ముందుగా, ఛాసీ దృఢంగా ఉన్న చోట, రెండు వైపులా రెండు స్టాండ్లు పెట్టారు. రెండూ ఒకే ఎత్తు. పన్ను గాడిలో పూర్తిగా కూర్చుందా లేదా అని మేస్త్రి బాబాయి వేలితో తడిమి చూశాడు. పలచటి రేకు మీద గానీ, గొట్టం మీద గానీ స్టాండు పెట్టకూడదు. నలిగి జారుతుంది.

తర్వాత జాకీని మెల్లగా వదిలారు. ఛాసీ వచ్చి స్టాండ్ల మీద కూర్చుంది. అప్పుడు మేస్త్రి బాబాయి బండిని పక్క నుంచి రెండు చేతులతో గట్టిగా ఊపాడు. నేను భయపడ్డాను. "అట్టా ఊపుతావేంటి బాబాయ్?" అన్నాను.

"పడేదైతే మనం బయట ఉండగానే పడాలమ్మా" అన్నాడు.

పడలేదు. చక్రాలు తీసి, వాటిని ఛాసీ కింద పడుకోబెట్టారు. ఎందుకంటే ఏదైనా జరగరానిది జరిగినా ఛాసీ చక్రం మీద ఆగుతుంది. మనిషి పట్టేంత సందు మిగులుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

జాకీని మళ్ళీ ఇరుసు కింద తగిలించారు. ఈసారి ఎత్తడానికి కాదు, ఇరుసు వేలాడకుండా పట్టుకోవడానికి. ఇరుసు బాగా కిందికి వేలాడితే బ్రేకు నూనె పోయే రబ్బరు గొట్టం సాగి తెగుతుంది. అది తెగితే రేపు రోడ్డు మీద బ్రేకు పడదు.

అప్పుడు మేనల్లుడు కిందికి దూరాడు. విరిగిన పక్క కమాను ఒక్కటే ముందు విప్పాడు. ఓనరు రెండు పక్కలా కొత్తవి వేయిస్తున్నాడు. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే బండి ఒరిగి నడుస్తుంది. అయినా రెండు కమాన్లూ ఒకేసారి విప్పకూడదు. ఒకటి విప్పి, కొత్తది బిగించి, తర్వాత రెండోది. రెండూ విప్పితే ఇరుసును పట్టుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. ముందుకో వెనక్కో దొర్లిపోతుంది.

షాకబ్జరు కింది బోల్టు తీశాడు. యూ బోల్టుల నట్లు తీశాడు. మేస్త్రి బాబాయి జాకీని రెండు అంగుళాలు దించాడు. కమానులో ఉన్న బిగువు పోయింది. బిగువు ఉండగా కొసల బోల్టులు కొడితే పట్టీ ఎగిరి మొహానికి తగులుతుంది. బిగువు పోయిన తర్వాత వెనక కొస షాకిల్, ముందు కొస బోల్టు తీశారు. కమాను కట్ట ఒక్కడే మొయ్యలేనంత బరువు ఉంది. ఇద్దరూ పట్టి బయటికి లాగారు.

కొత్త కట్ట మధ్యలో సెంటర్ బోల్టు తల పొడుచుకుని ఉంటుంది. అది ఇరుసు మీద ఉన్న గుంటలో సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే ఇరుసు వంకరపోతుంది, బండి పక్కకి లాగుతుంది. యూ బోల్టులు కొత్తవే వేశారు. పాతవి ఒకసారి బిగించినప్పుడే సాగి ఉంటాయి. నాలుగు నట్లనూ ఒకదాని తర్వాత ఒకటి ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించారు.

కొసల బోల్టులు మాత్రం ఊరికే తగిలించి ఉంచారు. ఎందుకు? లోపల రబ్బరు బుష్‌లు ఉంటాయి. కమాను వేలాడుతూ ఉండగా బిగిస్తే, బండి దిగిన తర్వాత ఆ రబ్బరు మెలి తిరిగి ఉంటుంది. తొందరగా చిరుగుతుంది. అందుకని చక్రాలు బిగించి, బండిని నేల మీదికి దించి, బరువు పడిన తర్వాతే ఆ బోల్టులు పూర్తిగా బిగించారు. ఏ నట్టు ఎంత బిగించాలో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. కొన్ని రోజులు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ చూపించుకోవాలని ఓనరుకి చెప్పారు.

నేను గడియారం చూశాను. స్టాండ్లు తెచ్చి బండిని వాటి మీద కూర్చోబెట్టేసరికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. అందులో ఎనిమిది నిమిషాలు డ్రమ్ములో నీళ్ళు ఖాళీ చెయ్యడానికే. బొలెరో నాలుగున్నరకి పెళ్ళికి బయలుదేరింది. ఓనరు కొంచెం మొహం ముడుచుకున్నాడు. డబ్బులు మాత్రం పూర్తిగానే ఇచ్చాడు.

చుట్టల స్ప్రింగు సంగతి

అన్ని బండ్లకూ కమాను కట్టలు ఉండవు. బొలెరోకే ముందు వైపు చుట్టలు చుట్టిన స్ప్రింగులు ఉంటాయి. కాయిల్ స్ప్రింగు అంటారు. చాలా కార్లలో ముందు చక్రాల దగ్గర స్ప్రింగు, షాకబ్జరు కలిసి ఒకే స్తంభంలా ఉంటాయి. ఆ స్ప్రింగు అణిగి ఉంటుంది. అందులో వందల కిలోల బలం దాగి ఉంటుంది. స్తంభం పైన నడిమధ్యలో ఒక పెద్ద నట్టు ఉంటుంది. స్ప్రింగు అణిచి పట్టకుండా ఆ నట్టు విప్పితే తుపాకీ గుండులా ఎగురుతుంది. దాన్ని అణిచి పట్టడానికి స్ప్రింగు కంప్రెసర్ అనే పనిముట్టు ఉంది. అది లేని షెడ్డులో ఈ పని చేయించకండి. తాడు కట్టి, తీగ చుట్టి చేస్తాం అంటే ఒప్పుకోకండి.

పెద్ద షెడ్డుల్లో బండి మొత్తాన్ని పైకి లేపే లిఫ్టులు ఉంటాయి. అక్కడ కూడా లాకు పడిన చప్పుడు వినాలి. లాకు పడకపోతే అది కూడా పెద్ద జాకీ, అంతే.

ఇంకో రెండు మాటలు. ఎత్తిన బండిలో ఎవరూ కూర్చోకూడదు, తలుపు దబాలున వెయ్యకూడదు, ఇంజను స్టార్టు చెయ్యకూడదు. ఒంటరిగా ఈ పని చెయ్యకూడదు. పిల్లలు చుట్టూ మూగుతారు, వాళ్ళను దూరంగా పంపాలి. ఎవరైనా కింద చిక్కుకుపోతే కాళ్ళు పట్టి లాగకండి. ఇంకో జాకీతో బండిని ఎత్తి, చెక్కలు దోపుతూ రండి. ఒకరు వెంటనే 108కి ఫోను చెయ్యాలి.

అంకె చదివేటప్పుడు కూడా జాగ్రత్త ఉండాలి. కొన్ని స్టాండ్ల మీద 3 టన్ అని ఉంటే అది రెండూ కలిపి మోసే బరువు. కొన్నింటి మీద ఒక్కోటి మోసేది. పక్కనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఇంగ్లీషు రాకపోతే వచ్చినవాళ్ళ చేత చదివించుకోవాలి. అందులో సిగ్గేమీ లేదు.

మర్నాడు సాయంత్రం నేను షెడ్డు ముందు నుంచి వెళ్తున్నాను. నంబరు ప్లేటు రాయగా మిగిలిన పెయింటుతో మేస్త్రి బాబాయి ఒక రేకు మీద ఏదో రాస్తున్నాడు. "సటాండు లేకుండా బండి కిందికి పోరాదు" అని రాశాడు. మేనల్లుడు చూసి, "సటాండు కాదు మావయ్యా, స కింద ట వత్తు పెట్టాలి" అన్నాడు. వాడు తొమ్మిది దాకా చదివాడు. బాబాయి కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మళ్ళీ రాశాడు. ఈసారి వత్తు కొంచెం పెద్దదైంది. తర్వాత ఇంకో వరస తనే కలిపాడు. "ఓనరు తొందర పెట్టరాదు." ఆ వరసలో తప్పులు లేవు.

చదివారు కదా. ఇప్పుడు మీ నోటు పుస్తకంలో వీటికి జవాబులు రాయండి.

1. ఒక కారు బరువు 1200 కిలోలు. బస్తా 50 కిలోలు. ఆ కారు ఎన్ని బస్తాలకు సమానం?

2. వెనక చక్రాలు రెండూ గాలిలో ఉన్నాయి. హ్యాండు బ్రేకు వేసి ఉంది. ముందు చక్రాలకు అడ్డుచెక్కలు లేవు. ఆ బండిని ఏది ఆపుతోంది?

3. టైరు మార్చేటప్పుడు జాకీ ఇరుసు కింద పెట్టాం. కమాను మార్చేటప్పుడు స్టాండ్లు ఛాసీ కింద పెట్టాం. ఎందుకు? మీ మాటల్లో రాయండి.

4. వత్తులు చూసుకుంటూ రాయండి: స్టాండు, చక్రం, బ్రేకు, స్ప్రింగు, ఇరవై ఐదు నిమిషాలు.

5. మీ ఊరి షెడ్డుకు వెళ్ళండి. జాకీ మీద, స్టాండు మీద ఉన్న అంకెలు చదివి రాసుకు రండి. స్టాండ్లు బండి కింద ఉన్నాయో, డ్రమ్ము కింద ఉన్నాయో కూడా చూసి రండి.